నూరు రూపాయల చార్జర్

మన హోసూరు, కృష్ణగిరి పక్క ఫ్యాక్టరీల్లో పేరున్న ఫోన్లకు భాగాలు తయారవుతాయి. అదే ఊళ్ళో రోడ్డుపక్క ఆ పేర్లే అచ్చేసిన నకిలీ చార్జర్లు నూరు రూపాయలకు దొరుకుతాయి. నేనూ ఒకటి కొన్నాను. చార్జింగ్‌లో ఉన్న ఫోను తీయబోయి మా అవ్వ "జుమ్మనింది పాపా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఎందుకలా? గోడ సాకెట్లో 230 వోల్టులు. ఫోనుకు మామూలుగా కావలసింది 5. మంచి చార్జర్లో ఈ రెండు వైపులకూ నడుమ ఇన్సులేషనూ, తగినంత ఎడమూ ఉంటాయి. నకిలీవాళ్ళు ఖర్చు మిగుల్చుకునేది అక్కడే. ఆ అడ్డు పోతే గోడలోని కరెంటు ఫోను దాకా వస్తుంది.

కొనేవాళ్ళను తప్పుపట్టలేను. 2020 నుంచి కొన్ని కంపెనీలు ఫోను పెట్టెలో చార్జరే ఇవ్వడం లేదు. అసలుది విడిగా కొనాలంటే మనకు భారమే.

మరి ఎట్లా గుర్తుపట్టేది? చార్జర్ మీద బీఐఎస్ గుర్తు, దాంతోపాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. గుర్తును ఎవరైనా అచ్చేయొచ్చు. కాబట్టి ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, కంపెనీ పేరు, వస్తువు పేరు సరిపోతాయా చూడండి. సరిపోకపోతే ఎంత చౌకైనా వదిలేయండి.

మా ఇంట్లో దాన్ని ఇంకెవరూ వాడకుండా వైరు కత్తిరించేశాను. అవ్వ మాత్రం ఇప్పటికీ ఫోనును కొంగుతోనే పట్టుకుంటుంది.