రోగి చెంత విద్య

గట్టుపై కూర్చుండి ఈత నేర్చినవా రెవ్వరును లేరు. నీటిలో దిగవలయును; ప్రక్కన ఈత యెరిగిన పెద్దవా డొకడు నిలువవలయును. వైద్యవిద్యయు అట్టిదే. గ్రంథములు చదివినవానికి రోగములు తెలియును. రోగిని తెలిసికొనవలెనన్న రోగి చెంతకే పోవలయును.

మన దేశమున వైద్యకళాశాలలో చేరినవారు మొదట ఎం.బి.బి.ఎస్. పట్టమునకై నాలుగున్నర సంవత్సరములు చదివి, పిమ్మట ఒక సంవత్సరము ఆసుపత్రిలో శిక్షణ పొందుదురు. అంతటితో వైద్యము చేయుటకు అర్హత కలుగును. అయినను ఒక శాఖలో నిపుణులు కాగోరువారు ప్రవేశపరీక్ష వ్రాసి, మరి 3 సంవత్సరములు చదువుదురు. సామాన్యవైద్యము, శిశువైద్యము మొదలగు శాఖల వారికి ఎం.డి. అనియు, శస్త్రచికిత్సాశాఖల వారికి ఎం.ఎస్. అనియు పట్టము లిత్తురు.

ఈ మూడేండ్లును వారు విద్యార్థులే, వైద్యులును వారే. పగలు రోగులను చూతురు. వంతు వచ్చిన రాత్రి మేలుకొని యుందురు. ఏ మందు ఎందుకిచ్చితిరని గురువులడిగినచో సమాధానము చెప్పవలయును. ఒక విషయమును పరిశోధించి సిద్ధాంతవ్యాసము వ్రాయవలయును. 3 మాసములు జిల్లా ఆసుపత్రిలో పనిచేయవలయును. తుదిపరీక్షయు కాగితముపై మాత్రమే జరుగదు. పరీక్షకులు ఒక రోగిని చూపుదురు. అభ్యర్థి ఆయనను ప్రశ్నించి, పరీక్షించి, తన నిర్ణయమును సకారణముగా నిరూపింపవలయును.

ఇట్టి శిక్షణ పొందువారిని రెసిడెంటులందురు. ఆ మాటకు నివసించువారని యర్థము. పూర్వము వారు నిజముగా ఆసుపత్రియందే నివసించెడివారు. ఈ పద్ధతికి కీర్తి తెచ్చినవారిలో విలియం ఆస్లర్ ముఖ్యుడు. ఆయన 1849లో కెనడా దేశమున జన్మించెను. అమెరికాలోని బాల్టిమోరు నగరమున 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరువబడినపుడు, అచ్చటి వైద్యశాఖకు అధిపతి యయ్యెను. అచ్చట యువవైద్యులు ఆసుపత్రిలోనే యుండి, అనుభవము పెరిగినకొలది పెద్ద బాధ్యతలు వహించుచుండిరి. 1893లో దానికి అనుబంధముగా వైద్యకళాశాల వెలసినపుడు, ఆస్లర్ విద్యార్థులను గూడ రోగుల పడకల చెంతకు గొనిపోయి బోధించెను. తాను విద్యార్థులకు వార్డులలో పాఠము చెప్పితినన్న మాట తప్ప తన సమాధిపై వేరొకటి అక్కరలేదని ఆయన పలికెను.

మన ప్రాంతమునను విద్యాలయము, వైద్యాలయము జంటగానే పెరిగినవి. 1923లో విశాఖపట్టణమున స్థాపింపబడిన ఆంధ్ర వైద్యకళాశాల విద్యార్థులకు కింగ్ జార్జి ఆసుపత్రి శిక్షణాలయమయ్యెను. హైదరాబాదులోని ఉస్మానియా వైద్యకళాశాలకు మూలము 1846లో నెలకొల్పబడిన వైద్యపాఠశాల.

పడక చెంత నేర్వవలసిన దేమి? చూచుట, తాకుట, తట్టుట, వినుట అను నాలుగింటిని వైద్యులు చెప్పుదురు. తట్టి చూచు విధానమును ఆస్ట్రియా దేశీయుడగు అవున్‌బ్రుగ్గర్ 1761లో ప్రకటించెను. ఆయన తండ్రి సత్రము నడపెడివాడు. పీపాను తట్టి అందు ద్రవమెంత యున్నదో గ్రహించునట్లు, రొమ్మును తట్టి లోపల నీరు చేరినదో లేదో తెలిసికొనవచ్చునని ఆయన చూపెను. 1816లో ఫ్రాన్సు దేశీయుడగు లెనెక్ కాగితమును గొట్టముగా చుట్టి రోగి గుండెచప్పుడు వినెను. నేటి స్టెతస్కోపునకు అదియే ఆది.

ఈ నాలుగింటికంటె ముందుది అడుగుట. దీనికి ఒక ఉదాహరణమును ఊహింతము. ఒక వార్డులో ఏబదియేండ్ల మనుష్యుడు దగ్గుతో, ఆయాసముతో పడియున్నాడు. రెసిడెంటుగా నున్న యువతి ఎక్స్‌రే చిత్రమును చూపి, "క్షయ కావచ్చునండీ!" అని గురువునకు విన్నవించెను. ఆయన చిత్రమును ప్రక్కనుంచి, రోగి ప్రక్కన కూర్చుండి, "అయ్యా, మీరేమి పని చేయుదురు?" అని యడిగెను. "రాళ్లు కొట్టుదును బాబూ! ఇరువదియేండ్లైనది" అని యాతడు చెప్పెను. యువతి తలవంచుకొనెను. రాతిధూళి పీల్చినవారి ఊపిరితిత్తులు క్రమముగా గట్టిపడును. ఆ రోగమునకు సిలికోసిస్ అని పేరు. అది చూపునకు క్షయను పోలియుండును.

"అమ్మాయీ, నీవు తలచినదియు త్రోసివేయదగినది కాదు. ఈ రోగము కలవారికి క్షయ సులభముగా సోకును, కఫపరీక్ష చేయింపుము. కాని చెడిన ఊపిరితిత్తులను ఏ మందును తిరిగి బాగుచేయజాలదు. ఆయనతో రాళ్లు కొట్టువారెందరో కనుగొనుము. వారినైనను కాపాడవచ్చును" అని గురువు పలికెను. వృత్తిని గూర్చి రోగిని తప్పక అడుగవలయునని ఇటలీ వైద్యుడగు రామజ్జీని 1700లోనే తన గ్రంథమున బోధించియుండెను. ఆ ప్రశ్న నేటికిని పాతబడలేదు.

ఈ విద్యలో ఒక కష్టమును కలదు. విశ్రాంతిలేని శిక్షణ రోగికిని కీడే. 1984లో న్యూయార్కు నగరమున 18 ఏండ్ల యువతి యొకతె ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలలోనే మరణించెను. ఆమెను చూచిన యువవైద్యుల పనిగంటలును, వారిపై పెద్దల పర్యవేక్షణ లోపమును తీవ్రచర్చకు కారణమయ్యెను. పిమ్మట 1989లో ఆ రాష్ట్రము రెసిడెంటులు వారమునకు సగటున 80 గంటలకు మించి పనిచేయరాదని నియమము చేసెను. దీపము వెలుగవలెనన్న ప్రమిదలో నూనె యుండవలయును గదా!

బాలబాలికలారా! మీలో కొందరు వైద్యులు కాగోరుచుందురు. ఒక సంగతి మరువకుడు. వైద్యునికి గురువులు ఇద్దరు. ఒకరు పాఠము చెప్పువారు. రెండవవారు తన బాధను దాచక చెప్పి, తన దేహమును పరీక్షింప సమ్మతించిన రోగి. మొదటి గురువునకు అందరును నమస్కరింతురు. ఆ రాళ్లుకొట్టువాని దుప్పటి సరిచేసి, ఆయనకు చేతులు జోడించి మరలిన నాడు ఆ యువతి విద్య సార్థకమగును.