కూడలి నుండి కళాశాల వరకు

నలుగురు కలిస్తే కొండనైనా కదిలించవచ్చునని పెద్దలంటారు. ‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది’ అన్న సామెత చెప్పినదీ ఆ పెద్దలే. రెండూ అనుభవసారములే. కలిసి చేసే పని ఎప్పుడు ఫలిస్తుంది, ఎప్పుడు చెడుతుంది అని విచారించేదే సంస్థల ఆర్థికశాస్త్రం. దాని సూత్రాలను తెలుసుకోవడానికి పెద్ద కర్మాగారాలకు వెళ్ళనక్కరలేదు; విద్యార్థి నిత్యజీవితమే చాలు.

విజయవాడలో చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాదు–మచిలీపట్నం రహదారి కలుసుకొనే చోటు బెంజ్ సర్కిల్. ఆ కూడలికి సమీపంలోని ఒక కళాశాలలో అర్థశాస్త్రం చదివే విద్యార్థినిని ఊహించుకోవచ్చు. ఆమె రోజూ షేర్ ఆటోలో వస్తుంది. ఆటో కోసం నిరీక్షించాలి, ఛార్జీ అడగాలి, బండి నిండేదాకా ఓపిక పట్టాలి. పొరుగింటి పిల్లలు మాత్రం నెలకింత అని మాట్లాడుకొన్న ఆటోలో బడికి వెళతారు. వారికి రోజూ బేరం లేదు. కాని ఆ ఏర్పాటు నచ్చకపోయినా నెలాఖరు వరకు సర్దుకోవలసిందే.

ఈ చిన్న తేడాలో ఒక పెద్ద సిద్ధాంతం దాగి ఉంది. రొనాల్డ్ కోస్ లండన్‌లో విద్యార్థిగా ఉండగానే, 1931లో ఉపకార వేతనంపై అమెరికా వెళ్ళి అక్కడి కర్మాగారాలను పరిశీలించాడు. ధరలే అన్నింటినీ నడిపిస్తున్నప్పుడు యజమానులు, ఉద్యోగులు, ఆజ్ఞలు ఉండే సంస్థలు ఎందుకు పుట్టాయన్నది అతని సందేహం. 1937లో ప్రకటించిన వ్యాసంలో అతడు సమాధానం చెప్పాడు. సరుకును వెదకడానికి, బేరమాడడానికి, ఒప్పందం కుదుర్చుకోవడానికి కూడా ఖర్చవుతుంది. ఆ ఖర్చు మిగిలేచోట సంస్థ పుడుతుంది. సంస్థను నడపడానికయ్యే ఖర్చు అంతకు మించితే దాని పెరుగుదల ఆగిపోతుంది. విద్యార్థి దశలో మొలకెత్తిన ఆ ఆలోచన 1991లో అతనికి నోబెల్ బహుమతి లభించడానికి ముఖ్య కారణమైంది.

వసతి గృహంలోని మెస్ కూడా ఇటువంటి సంస్థయే. వందమంది వేర్వేరుగా కూరగాయలు కొని వండుకోవడం కంటె ఒక్క వంటశాల తేలిక. అయితే అందరి సొమ్ముతో ఒకరు సరుకులు కొనేటప్పుడు, ఆ ఒకరు అందరి మేలునే తలుస్తారన్న భరోసా ఏమిటి? లెక్కలను గోడపై అంటించడం, నెలకొకరు వంతులవారీగా కొనుగోలు చూడడం ఈ ప్రశ్నకు విద్యార్థులు కనుగొన్న సమాధానాలు. ఒకరి తరఫున మరొకరు పనిచేసే ప్రతిచోటా ఈ సమస్య ఉన్నదే.

ఉమ్మడి వనరు విషయం మరింత సున్నితం. వసతి గృహపు ట్యాంకులో నీటిని తెల్లవారుజామున లేచినవారు ధారాళంగా వాడితే, చివర లేచినవారికి ఖాళీ కుళాయి మిగులుతుంది. కృష్ణా డెల్టాలో కాలువ శివారు రైతుకు ఈ బాధ కొత్తది కాదు. కర్నూలు జిల్లాలో కాలువల కింది గ్రామాలను పరిశీలించిన రాబర్ట్ వేడ్ 1988లో వెలువరించిన గ్రంథంలో ఒక విశేషం గమనించాడు. నీటి ఎద్దడి భయం అధికంగా ఉన్న శివారు గ్రామాల రైతులే ఉమ్మడి నిధి కూడబెట్టి, నీరుకట్టువారిని నియమించుకొని నీటిని పంచుకొన్నారు. కష్టమే వారికి కట్టుబాటు నేర్పింది. ఉమ్మడి వనరులను వాడుకొనేవారే నియమాలు ఏర్పరచుకొని కాపాడుకోగలరని నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో నోబెల్ బహుమతి లభించింది. ఉమ్మడి గొర్రె చచ్చితీరాలన్న నియమం లేదు; కాపరి ఎవరో ముందుగా తేల్చుకోవాలి.

ఇక ఐదుగురు కలిసి చేయవలసిన ప్రాజెక్టును చూడవచ్చు. నలుగురు శ్రమిస్తారు, ఒకడు రాడు, మార్కులు మాత్రం అందరికీ సమానం. శ్రమలేని ఫలం ఆశించేవాడని శాస్త్రం అతనికి పేరు పెడుతుంది. అతని పేరు కొట్టివేయాలని మిత్రులు నిశ్చయించారనుకొన్నా, ఆ విద్యార్థిని ముందుగా అతనినే అడుగుతుంది. సాయంత్రాలు దుకాణంలో పనిచేసి ఫీజు కట్టుకొంటున్నాడని అప్పుడు తెలుస్తుంది. రాత్రివేళ చేయదగిన పట్టికల పని అతనికి అప్పగిస్తే, వర్గమూ నిలుస్తుంది, న్యాయమూ నిలుస్తుంది. సిద్ధాంతం ప్రశ్నను ఇస్తుంది. తీర్పు ఇచ్చే ముందు మనిషిని విచారించవలసింది మనిషే.

కొలవగలిగిన దానికే ప్రతిఫలమిస్తే కొలతకందని పని వెనుకబడుతుందని హోల్మ్‌స్ట్రోమ్, మిల్‌గ్రోమ్ అనే ఆర్థికవేత్తలు 1991లో వివరించారు. మార్కులు కొలతకు అందుతాయి. తోటివారికి పాఠం చెప్పడం, చివర లేచేవారికి నీరు మిగల్చడం అందవు. కళాశాలను కేవలం కట్టడంగా కాక కలిసి జీవించే సంస్థగా నిలిపేవి అవే. వాటిని గుర్తించి గౌరవించడం అర్థశాస్త్రం చదివిన విద్యార్థికి శోభనిస్తుంది.

ప్రశ్నలు

1. సంస్థలు ఎందుకు పుడతాయో, వాటి పెరుగుదల ఎక్కడ ఆగుతుందో కోస్ అభిప్రాయం ఆధారంగా వివరించండి.
2. శివారు గ్రామాల రైతుల అనుభవాన్ని వసతి గృహ జీవితానికి అన్వయించండి.
3. ‘సిద్ధాంతం ప్రశ్నను ఇస్తుంది’ అన్న వాక్యాన్ని మీ కళాశాల నుండి ఒక ఉదాహరణతో సమర్థించండి.