ఆకలికి కొలత కలదా?

ధాన్యమునకు కుంచము, మానిక కలవు. నేలకు ఎకరములు, కుంటలు కలవు. ఆకలిని కొలుచుట యెట్లు? ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమున సుసన్నా హోల్ట్, ఆమె సహచరులు 1995లో ఒక సమాధానము చూపిరి.

వారు 38 రకముల ఆహారములను ఎన్నుకొనిరి. ఒక్కొక్కదానిని 240 కెలోరీల శక్తినిచ్చునంత తూచి, పరగడుపున వచ్చిన వారికి పెట్టిరి. పిదప రెండు గంటలపాటు, ప్రతి 15 నిమిషములకు ఒకసారి, కడుపు ఎంత నిండుగా నున్నదో అడిగి వ్రాసికొనిరి. మైదా రొట్టె కలిగించిన తృప్తిని 100గా నిర్ణయించి, తక్కినవానిని దానితో పోల్చిరి. ఉడికించిన బంగాళాదుంపకు 323, చేపకు 225, నారింజకు 202, గ్రుడ్డుకు 150, తెల్లని వరి అన్నమునకు 138, వేరుసెనగకు 84, కేకునకు 65 వచ్చినవి. అన్నిటియందును శక్తి సమానమే. తృప్తి మాత్రము సమానము కాదు. మాంసకృత్తులు, పీచు, నీరు హెచ్చుగా నున్న ఆహారము ఆకలిని ఎక్కువసేపు ఆపినది. క్రొవ్వు హెచ్చుగా నున్నది అంతగా ఆపలేదు.

అయితే వేరుసెనగ పనికిరానిదని తలంపరాదు. ఆ పరీక్షకు వచ్చినవారు పెద్దలు. పసివాని కడుపు చిన్నది. నీరు ఎక్కువైన పలుచని పప్పు ఆ కడుపును వెంటనే నింపును. కాని శరీరమునకు చేరు బలము స్వల్పము. వేరుసెనగ కొద్దిపాటి తిన్నను మిక్కిలి శక్తినిచ్చును. కనుక కడుపు నిండుట వేరు, పుష్టి కలుగుట వేరు. రెండును చూడవలెను.

పంచాయతీ సభ్యులకు ఇందు పని కలదు. పాఠశాల మధ్యాహ్న భోజనమున ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాముల ధాన్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు నిర్ణయమైయున్నవి. నూరుగురు భుజించినచో రెండు కిలోల పప్పు ఉడుకవలెను. వంటకు ముందు వెళ్లి తూకము చూడుడు. భోజనమైన వెంటనే ఒకసారి, బడి విడుచువేళ మరొకసారి, "ఆకలిగా నున్నదా?" అని పిల్లలను అడిగి, జవాబులను ఒక పుస్తకమున వ్రాయుడు. ఒక వారము వ్రాసి, పప్పు చిక్కగా నున్న దినమును, పలుచగా నున్న దినమును పోల్చి చూడుడు. తూకము పుష్టిని తెలుపును. పిల్లల మాట ఆకలిని తెలుపును. ఈ రెండు లెక్కలును సరిపోయిననాడే ఆ భోజనము సార్థకమైనదని చెప్పవచ్చును.