రాణి రూపాయి కొనే ముందు, కడిగే ముందు

శ్రావణమాసం వస్తోందంటే పూజగదిలోని వెండి సామానంతా బయటికొస్తుంది. కుందులు, చెంబులు, పంచపాత్రలతో పాటు ఏ డబ్బాలోనో అత్తగారి కాలం నాటి రాణి రూపాయలు రెండు మూడు కనిపిస్తాయి. అన్నిటినీ కలిపి విభూతి వేసి తోమేస్తాం. చెంబుకు దానివల్ల వచ్చే నష్టం పెద్దగా లేదు. రూపాయికి మాత్రం చాలా ఉంది. తెల్లగా మెరిసేలా తోమిన పాత నాణేన్ని నాణేలు సేకరించేవాళ్ళు చేత్తో తిప్పి చూసి వెనక్కిచ్చేస్తారు, లేదంటే వెండి ధరకే అడుగుతారు.

ఈమధ్యే పాత వెండి నాణేలు కొనడం మొదలుపెట్టాను. నేర్చుకున్నవాటిలో ముఖ్యమైనది ఇది: మురికి వేరు, నలుపు వేరు. జిడ్డు, మట్టి, కుంకుమ బయటినుంచి అంటుకున్నవి. వాటిని తీసేయొచ్చు. నలుపు అలా కాదు, గాలిలోని గంధకం వాయువులు తగిలి వెండి పైపొరే అలా మారుతుంది. దాన్ని రుద్ది తీస్తే దాంతోపాటు వెండీ పోతుంది. కింది చిట్కాల్లో సగం ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

కొనేటప్పుడు

1. ముందు తేలిగ్గా దొరికేవే కొనండి. ఐదో జార్జి బొమ్మతో 1912 నుంచి 1920 దాకా వచ్చిన రూపాయలతో మొదలుపెట్టడం మంచిది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మన దేశంలో వెండి రూపాయలకు గిరాకీ విపరీతంగా పెరిగింది. అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం తెచ్చి, తన వెండి డాలర్లు సుమారు 26 కోట్లు కరిగించి ఆ వెండిని ఇక్కడి కోసం బ్రిటన్‌కు అమ్మింది. ఆ రోజుల్లో టంకశాలలు గుట్టలుగా రూపాయలు కొట్టాయి కాబట్టే 1917, 1918, 1919 నాణేలు ఇప్పటికీ సులువుగా దొరుకుతున్నాయి. 1911 రూపాయి సంగతి వేరు. దాని మీద రాజుగారి అంగీపై చెక్కిన ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ లేచింది, 1912లో ఆ బొమ్మను దిద్దారు. అందుకే 1911 నాటిది ఖరీదెక్కువ. చేయి తిరిగాక కొనుక్కోవచ్చు.

2. త్రాసు లేకుండా బేరానికి దిగొద్దు. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాతకాలపు తులం. అర్ధరూపాయి 5.83, పావలా 2.92, వెండి బేడ 1.46 గ్రాములు. వంటింటి త్రాసు దీనికి పనికిరాదు. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ త్రాసు జేబులో పడుతుంది. చేతులు మారి బాగా అరిగిన రూపాయి కొంచెం తగ్గి తూగడం మామూలే. బొమ్మ ఇంకా పదునుగా ఉండి బరువు మాత్రం అర గ్రాము తక్కువ వచ్చిందంటే అనుమానించాలి.

3. అందులో వెండి ఎంతుందో లెక్కగట్టండి. 1835 నుంచి 1939 దాకా వచ్చిన రూపాయల్లో వెండి 91.7 శాతం, అంటే 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 వరకు వచ్చిన ఆరో జార్జి రూపాయల్లో సగమే, 5.83 గ్రాములు. 1947లో పులిబొమ్మతో వచ్చిన రూపాయి పూర్తిగా నికెల్, అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. స్వాతంత్ర్యం తర్వాత గాంధీజీ శతజయంతికి 1969లో తెచ్చిన పది రూపాయల నాణెం 15 గ్రాములుంటుంది, అందులో 80 శాతం వెండి. కొనే రోజు గ్రాము వెండి ధరతో ఈ అంకెల్ని హెచ్చవేస్తే నాణెం కనీస విలువ తేలిపోతుంది. అరిగిపోయిన, అందరికీ దొరికే నాణేనికి అంతకు మించి ఎక్కువ అడుగుతుంటే, దేనికని దుకాణదారునే అడగండి.

4. నిజాం రూపాయికి లెక్క వేరు. హైదరాబాద్ హాలీ సిక్కా రూపాయి బరువు దాదాపు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో దాన్ని కూడా సగానికి దించారు. అప్పట్లో ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. బొమ్మవైపు చార్మినార్ ఉంటుంది. దాని కమాను మధ్యలో చిన్న అక్షరం ఒకటి కనిపిస్తుంది. మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, ఐన్ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. ఆ అంకెలో నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలిపితే మన లెక్కకు వస్తుంది. 1337 అయితే తీసివేతకు 1297 మిగులుతుంది, 622 కలిపితే 1919. ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు.

5. అయస్కాంతంతో ఆగకండి, నీళ్ళలో కూడా తూచండి. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదని తేలినట్టే. అతుక్కోనంత మాత్రాన వెండి అనీ కాదు. రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోవు. చిన్న గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నాకు తెండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. 91.7 శాతం వెండి రూపాయి అయితే త్రాసు సుమారు 1.13 చూపిస్తుంది. అంతే బరువున్న జర్మన్ సిల్వర్ నకిలీ అయితే 1.3 దాటుతుంది. గీటురాయి మీద గీయనక్కర్లేదు, యాసిడ్ చుక్క వేయనక్కర్లేదు, నాణేనికి చిన్న గీత కూడా పడదు.

6. భూతద్దంతో అంచు చూడండి. అసలు నాణేన్ని అచ్చు మధ్య పెట్టి కొడతారు. చాలా నకిలీల్ని మూసలో పోస్తారు. పోతపోసిన దాని మీద సూదిమొన అంత గుంటలు, సబ్బులా నున్నగా జారిన అక్షరాలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. అంచు గీతలు అంతటా ఒకేలా ఉన్నాయా అని నాణేన్ని నెమ్మదిగా తిప్పి చూడండి. పైభాగాన అంచు దగ్గర గీరినట్టు, కరిగినట్టు ఉంటే అది ఒకప్పుడు దండలో వేలాడిన రూపాయి, కొక్కెం ఊడదీసి అమ్ముతున్నారన్నమాట. అలాంటిదానికి వెండి ధరే. 1939 రూపాయి చాలా అరుదు కనుక వేరే సంవత్సరం నాణేనికి చివరి అంకె దిద్ది అమ్మేవాళ్ళున్నారు. ఆ అంకె చుట్టుపక్కల ఉపరితలం రంగు మారిందేమో పట్టి పట్టి చూడాలి.

7. రాముడి నాణేలకు, రైస్ పుల్లర్లకు దూరంగా ఉండండి. ఈస్టిండియా కంపెనీ పేరుతో 1616, 1717, 1818 అని సంవత్సరాలు వేసి, సీతారాములో హనుమంతుడో ఉన్న బిళ్ళలు ఊరూరా తిరుగుతుంటాయి. కంపెనీ అలాంటి నాణేలు ఏనాడూ ముద్రించలేదు. పూజకు ఉంచుకుంటే తప్పులేదు, లక్షలు పోసి కొనేవి మాత్రం కావు. బియ్యపు గింజల్ని లాగుతుందంటూ చూపించే నాణెం పచ్చి మోసం. మీ పాత నాణెం లక్షలకు కొంటాం, ముందు కమీషనో పన్నో కట్టండి అంటూ రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని ఫోన్లు చేసేవాళ్ళూ ఉన్నారు. తాము అలాంటి వ్యవహారం ఏదీ నడపడం లేదని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

8. చట్టం సంగతి మరవొద్దు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. అమెరికాలో ఉన్న కోడలికి కానుకగా సూట్‌కేసులో పెట్టి పంపడం కుదరదు. పొలం దున్నుతుంటే, గోడ కూలుస్తుంటే బయటపడిన నాణేలకు 1878 నాటి నిధి చట్టం వర్తిస్తుంది, వాటి సంగతి కలెక్టరుకు తెలపాలి. అలా దొరికాయని చెప్పి రహస్యంగా అమ్మజూపేవాళ్ళ దగ్గర కొనకపోవడమే క్షేమం.

శుభ్రం చేసేటప్పుడు

9. అసలు కడగాలా అని ముందు తేల్చుకోండి. నాణెం మీద ఉన్నది పలుచని బూడిదరంగు నలుపో, అంచుల్లో నీలం, బంగారు ఛాయలో అయితే ముట్టుకోకండి. సేకర్తలు ఇష్టపడేది దాన్నే, నాణేన్ని ఎవరూ తోమలేదనడానికి అదే సాక్ష్యం. చేతికి అంటేది, గోటికి మెత్తగా తగిలేది, వాసన వచ్చేది మురికి. కడగాల్సింది దాన్నే.

10. మొదటి వైద్యం నీళ్ళే. కుళాయి నీళ్ళలో క్లోరిన్, ఉప్పు ఉంటాయి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. గాజుగిన్నె అడుగున మెత్తటి గుడ్డ పరిచి, ఒక్కో నాణేన్ని విడిగా నానబెట్టండి. ఒకదానికొకటి తగిలితే గీతలు పడతాయి. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో కొన్న 1918 రూపాయి ఒకటి నా దగ్గరుంది. దాని బొరుసు మీద నూనె కలిసి గట్టిపడిన కుంకుమ ఎర్రగా పేరుకుపోయి, సంవత్సరం తప్ప ఏమీ కనిపించేది కాదు. రాత్రంతా నీళ్ళలో ఉంచేసరికి పొర అంచులు లేచాయి. వెదురు పుల్ల కొనను నమిలి మెత్తగా చేసి, నీళ్ళలోనే ఉంచి, రుద్దకుండా పైకి ఎత్తినట్టు తీస్తే పెళ్ళలుగా ఊడింది. చుట్టూ ఉన్న లత, దాని అడుగున తామరపువ్వు, ఆ పువ్వు కింద బొంబాయి టంకశాల గుర్తయిన చిన్న చుక్క ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పువ్వు రేకుల సందుల్లోని నలుపు మాత్రం అలాగే ఉంది, దాన్ని అలాగే ఉంచేశాను.

11. నూనెజిడ్డుకు అసిటోన్ వాడండి. దీపారాధన నూనె, టేపు జిగురు, పాత ప్లాస్టిక్ కవరు వదిలిన పచ్చటి జిగట నీళ్ళకు లొంగవు. కెమికల్స్ అమ్మే షాపులో స్వచ్ఛమైన అసిటోన్ అడగండి. ఇది వెండిని ఏమీ చేయదు. గోళ్ళరంగు తీసే ద్రవం వద్దు, అందులో రంగులు, నూనెలు, సెంటు కలుస్తాయి. మూతపెట్టగలిగే గాజుగిన్నెలో పది నిమిషాలు ఉంచి, తీసి, కొత్త అసిటోన్‌లో మళ్ళీ ఒకసారి ముంచండి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. గ్యాస్ పొయ్యికి, దీపానికి దూరంగా, కిటికీలు తీసి చేయాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

12. వీటి జోలికి పోవద్దు. విభూతి, పళ్ళపొడి, టూత్‌పేస్టు, ఇత్తడి సామాను తోమే పొడి, స్టీలు పీచు: ఇవన్నీ గరుకువే. కంటికి కనపడని గీతలు వేల కొద్దీ పడి, నాణేన్ని వెలుతురులో వంచితే ఒకే వైపు సాగిన చారలు కనిపిస్తాయి. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ పైపొరలోని రాగిని తినేసి నాణేన్ని పాలిపోయేలా చేస్తాయి. వెండిని క్షణంలో తెల్లగా చేసే సిల్వర్ డిప్ ద్రవాలు నలుపుతో పాటు అచ్చు వేసినప్పటి సహజమైన తళుకునూ తీసేస్తాయి. కంసాలి దగ్గర యాసిడ్‌లో మరిగించి మెరుగు పెట్టించడం నగలకు బాగుంటుంది, నాణేనికి కాదు.

13. పూజ రూపాయికి రేకు పద్ధతి. అభిషేకానికి, కలశానికి వాడే అరిగిన రూపాయి మెరవాలన్న కోరిక సహజమే. దానికి తోమడం కంటే మెరుగైన దారి ఉంది. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, నాణేన్ని దాని మీద తగిలేలా పెట్టి, చెంచాడు వంటసోడా వేసి బాగా వేడిగా ఉన్న నీళ్ళు పోయండి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, ఆ వాసన నలుపులోని గంధకానిది. అది రేకు వైపు పోయి, నల్లబడిన వెండి తిరిగి వెండిగా మారుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. కుందులు, గిన్నెలకు కూడా ఇది పనికొస్తుంది. సేకరణలో పెట్టే నాణేనికి మాత్రం వద్దు, ఉపరితలం నిర్జీవంగా తయారవుతుంది. పూజకు రెండు రూపాయలు విడిగా ఉంచుకుంటే మిగతావాటికి పాలూ పసుపూ తగలవు.

14. తుడవొద్దు, అద్దండి. కడిగిన నాణేన్ని తువ్వాలుతో రుద్దితే, మిగిలిన ఒక్క ఇసుక రేణువు కూడా గీత పెడుతుంది. మెత్తటి నూలుగుడ్డ మీద పెట్టి, మరో పొరతో పైనుంచి అద్ది తీయండి. పూర్తిగా ఆరేదాకా ఫ్యాను గాలికి ఉంచండి. ఎప్పుడు పట్టుకున్నా అంచుల్నే పట్టుకోండి. చెమట వేలిముద్ర కొన్ని నెలలకు బొమ్మ మీద నల్లటి ముద్రగా మిగిలిపోతుంది.

దాచేటప్పుడు

15. గంధకం, తేమ, పీవీసీ: ఈ మూడిటినీ దగ్గరికి రానివ్వొద్దు. రబ్బరు బ్యాండు చుట్టొద్దు, అందులో గంధకం ఉంటుంది. న్యూస్‌పేపరు, ఉన్నిగుడ్డ, అట్టపెట్టె కూడా వద్దు. మెత్తగా సాగే చవక ప్లాస్టిక్ ఆల్బమ్‌లు చాలావరకు పీవీసీవే, కొన్నేళ్ళకు వాటినుంచి పచ్చటి జిగట దిగుతుంది. పీవీసీ కాదని రాసిన గట్టి మైలార్ కవర్లు గానీ, నాణేలకని అమ్మే గుండ్రని డబ్బాలు గానీ తెచ్చుకోండి. మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా నాణేల డబ్బాలో వేయండి. కోస్తాలో ఉండేవాళ్ళకు ఇది మరీ అవసరం.

16. ప్రతి నాణేనికీ ఒక చీటీ రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారు, ఎంత తూగింది, కడిగారా లేదా అని నాలుగు ముక్కలు రాసి కవరుకు జతచేయండి. ఇంట్లో తరతరాలుగా వచ్చిన రూపాయి అయితే ఎవరి కాలం నుంచి వచ్చిందో కూడా రాయండి. మనం లేనప్పుడు ఇంట్లోవాళ్ళకు అవసరం పడి అమ్మాల్సి వస్తే, వెండి ధరకు ఇవ్వాల్సినదేదో, నాలుగు చోట్ల చూపించి అమ్మాల్సినదేదో ఆ చీటీయే చెబుతుంది.