పరదేశ ప్రయాణికులును కోళ్లజ్వరమును

మన సభ్యుల కుమారులు కొందరు జీవనోపాధికై పరదేశములకు బోవుచున్నారు. వారును, వారి తల్లిదండ్రులును బర్డుఫ్లూ అను కోళ్లజ్వరమును గూర్చి యెరిగియుండవలెనని మేమీ పాఠమును వ్రాయుచున్నాము. మన కొత్తగూడ యడవిపల్లెలలో కోడిపిల్లలు గంపక్రింద నుండును; పసిబిడ్డలు దాని చెంతనే యాడుకొందురు. కావున ప్రయాణికుని యజాగ్రత్త వానితోనే పోదు.

కొక్కెర తెగులువలె నిదియు కోళ్లను హఠాత్తుగా జంపును. కాని రెండును వేరు వ్యాధులు. కొక్కెర తెగులు టీకా దీని నాపజాలదు. దీని వైరసు రోగపక్షుల రెట్టయందును, చొల్లునందును, నెత్తుటియందును ఉండి, చెప్పులకును గంపలకును అంటుకొని వచ్చును. మనుష్యులకు సోకుట యరుదు; సోకినచో ప్రాణాపాయము. 1997లో హాంగుకాంగున 18 మందికి సోకగా ఆరుగురు మృతులైరి. 2024లో కలకత్తాకు వచ్చి ఆస్ట్రేలియాకు మరలిన యొక చిన్నబిడ్డకు ఈ జ్వరము సోకి, ఆసుపత్రిలో చికిత్సపొంది కోలుకొనెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారములందు ఈ వ్యాధి కనబడెను. ఆ మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేండ్ల బాలిక దీనిచే మరణించెను. ఆమె పచ్చికోడిమాంసపు ముక్క తినినట్లు విచారణలో తేలినది.

ప్రయాణికులు పాటింపవలసిన నియమములు:

1. పరదేశములో ప్రాణముతోనున్న కోళ్లను, బాతులను అమ్ము సంతలకు బోరాదు. రోగపక్షులను, చచ్చిన పక్షులను తాకరాదు.

2. మాంసమును లోపల ఎరుపు లేకుండ, గ్రుడ్డును పచ్చసొన గట్టిపడువరకు ఉడికించి తినవలెను. 70 డిగ్రీల వేడి అంతటను తగిలినచో వైరసు నశించును. పచ్చిమాంసము కోసిన కత్తితో వండిన పదార్థమును కోయరాదు.

3. చేతులను సబ్బుతో తరచుగా కడుగుకొనవలెను.

4. పక్షులను, మాంసమును, గ్రుడ్లను, ఈకలను స్వదేశమునకు వెంట తేరాదు.

5. తిరిగివచ్చినవారు చెప్పులను, బట్టలను ఉతికి శుభ్రపరచిన పిమ్మటనే కోళ్లగూటికడకు బోవలెను. పదిదినములలో జ్వరము, దగ్గు, ఆయాసము, కండ్ల ఎరుపు కలిగినచో వెంటనే వైద్యునికడకేగి, తాము పోయిన దేశమును, తాకిన పక్షులను దాచక చెప్పవలెను. మందు తొలి రెండుదినములలో మొదలిడిన మేలు.

పెరటికోళ్లు ఒక్కసారిగా చచ్చుచున్నచో వానిని కోసి తినరాదు, అమ్మరాదు, వాగులో పారవేయరాదు. పశువైద్యాధికారికి వెంటనే తెలుపవలెను. నాలుగు కోళ్ల వెలకు ఆశపడి పసిబిడ్డను గోల్పోవుటకంటె నష్టము మరియొకటి లేదు. చదువనేర్చినవారు దీనిని ఇరుగుపొరుగువారికి చదివి వినిపింతురుగాక.