తడికి తనంతట తిరుగు వస్తువులు

పచ్చిక ఎండిన దినములలో బీడు భూమిని దాటి ఇల్లు చేరిన రైతు చేయు మొదటి పని పంచె అంచులకు గ్రుచ్చుకొన్న గడ్డిగింజలను ఏరుకొనుట. ఆ గింజకు ఒక కొన సూదివలె ఉండి, దానిపై వెనుకకు వాలిన నూగు కలదు. రెండవ కొనకు పొడవైన తోక ఉండును. గొర్రెల కాపరులకు ఇది పెద్ద బెడద. ఉన్నిలో చిక్కిన గింజ చర్మములోనికి దిగి పుండు చేయును. ఇంతగా విసిగించు ఈ గింజను ఒక్కమారు ఓపికతో పరీక్షింపుడు. ఎండిన గింజను మొన వద్ద రెండు వ్రేళ్ళతో పట్టుకొని, తోకపై ఒక చుక్క నీరు వేయుడు. త్రాడువలె మెలిపడియున్న తోక మెల్లగా విచ్చుకొనుచు గుండ్రముగా తిరుగును. ఆరినపుడు మరల మెలిపడును. నేలపై పడిన గింజ తోక ఏ గడ్డిదుబ్బుకో, రాతికో ఆనుకొన్నచో, తోక కదలలేక గింజయే తిరిగి వడ్రంగి బరమావలె మట్టిలోనికి దిగును. నూగు దానిని వెనుకకు రానీయదు.

ఈ తోకలో ప్రాణము లేదు. అది ఎండిన నార మాత్రమే. కాని నార అమరిక యందే కిటుకంతయు ఉన్నది. వానకాలమున తలుపు బిగిసిపోవుట మీరెరిగినదే. తడికి చెక్క వెడల్పున ఉబ్బును గాని పొడవున పెరుగుట అత్యల్పము. ఏలనన, చెక్కలోని నారలు పొడవున పరుచుకొని ఉండును. నీరు పీల్చిన నార లావెక్కును గాని సాగదు. పని తెలిసిన వడ్రంగి పలకలకు వెడల్పున సందు విడుచుట ఇందువలననే. ఇక నారల దిక్కు వేరు వేరుగా నున్న రెండు పొరలను కలిపి అతికించినచో, ఒక పొర ఉబ్బగోరును, రెండవది ఉబ్బనీయదు. అప్పుడు ఆ వస్తువు వంగును. నారలు ఐమూలగా ఉన్నచో మెలి తిరుగును.

బడిపిల్లలకు దీనిని సులువుగా చూపవచ్చును. ఒకే కాగితము నుండి జానెడు పొడవు, వ్రేలెడు వెడల్పు గల పట్టీలు మూడు కత్తిరింపుడు. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డముగా, ఒకటి ఐమూలగా తీయవలెను. ప్రతిదానికి ఒకవైపు సెల్లో టేపు అంటించి, రెండవవైపు తడి వ్రేలితో రాయుడు. మొదటి రెంటిలో ఒకటి మెండుగా వంగును, మరొకటి స్వల్పముగా వంగును. మూడవది మెలిక పడును. కాగితపు నారలు ఎటు పరచియున్నవో ఈ పట్టీలే చెప్పును.

ఈ గుణమును మనము తయారు చేయు వస్తువులలో ముందుగానే పెట్టు విద్యకు ఫోర్‌డీ ప్రింటింగ్, అనగా నాలుగు కొలతల ముద్రణ అని పేరు. పేరులో ఆర్భాటము కొంత కలదు. ఇచ్చట ముద్రణ అనగా అక్షరములు అచ్చొత్తుట కాదు. జిలేబీ చేయువాడు గుడ్డలోని పిండిని చుట్లుగా పిండినట్లు, యంత్రము కరిగిన ప్లాస్టిక్కునో, మరొక మెత్తని పదార్థమునో సన్నని గొట్టము ద్వారా పొరమీద పొరగా పోసి వస్తువును నిలుపును. పొడవు, వెడల్పు, ఎత్తు మూడు కొలతలు. నాలుగవది కాలము. యంత్రము నుండి వచ్చిన తరువాత నీరు, వేడిమి తగిలినపుడు వస్తువు రూపము మారును. ఈ పేరును అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన స్కైలర్ టిబ్బిట్స్ 2013లో ప్రచారములోనికి తెచ్చెను.

2016లో హార్వర్డు విశ్వవిద్యాలయమున జెన్నిఫర్ లూయిస్ బృందము చేసిన పని మన తలుపు ముచ్చటకు మిక్కిలి దగ్గర. వారు నీరు పీల్చి ఉబ్బు జిగురు పదార్థములో కొయ్య నుండి తీసిన అతి సన్నని నారలను కలిపిరి. గొట్టము గుండా వచ్చునపుడు, వాగులో గడ్డిపోచలు నీటివాలుకు తిరిగినట్లు, నారలన్నియు గీత దిక్కునకే తిరుగును. చదునుగా పోసిన పూవును నీటిలో వేయగా రేకలు ముడుచుకొని, మెలి తిరిగి ఆర్కిడ్ పూవు రూపము దాల్చినవి. ఏ గీతకు ఏ వంపు వచ్చునో లెక్క కట్టినవారిలో మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన ఎల్. మహదేవన్ ఒకరు. వైద్యమునందును ఈ దారి పనికివచ్చినది. శ్వాసనాళము మూసుకొనిపోవు ముగ్గురు పసిబిడ్డలకు, బిడ్డతోపాటు విచ్చుకొని క్రమముగా శరీరములో కలిసిపోవు తొడుగులను ముద్రించి అమర్చినట్లు మిచిగన్ వైద్యులు 2015లో ప్రకటించిరి.

రైతునకు ముఖ్యమైన సంగతి విత్తనము. కొండవాలులపై, దున్నుటకు వీలులేని బంజరులపై విత్తనములను పైనుండి చల్లుదురు. మన ప్రాంతమునను విత్తన బంతులు విసరుట కలదు. నేలపైన పడియున్న గింజను పిట్టలు, చీమలు తినును, వాన కొట్టుకొనిపోవును, ఎండ మాడ్చును. మట్టి కప్పు లేకపోవుటయే నష్టమునకు మూలము. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన లైనింగ్ యావో బృందము 2023లో దీనికొక ఉపాయము ప్రకటించినది. ఎరోడియం అను మొక్క గింజ కూడ మన గడ్డిగింజవలెనే భూమిలోనికి దిగును. కాని దానికి తోక ఒక్కటే. అందుచే నేలలో పగులు దొరికిననే చక్కగా నిలుచును. వీరు ఓకు చెక్క నుండి తీసిన పలుచని పొరను మందులతో మెత్తపరచి, చుట్టగా మలచి, మూడు తోకలు పెట్టిరి. ముక్కాలిపీటవలె అది చదును నేలపైనను నిలువుగా లేచును. పరీక్షలలో చదును నేలపై రెండు మార్లు తడిసి ఆరిన తరువాత 80 శాతము లోనికి దిగినవి. సుమారు 11 మిల్లీమీటర్ల పొడవు, 72 మిల్లీగ్రాముల బరువు గల పైన్ గింజ వరకు మోయగలిగినవి. జీవన ఎరువును కూడ వాటితో పంపవచ్చునని చూపిరి.

ఇది ముద్రించినది కాదు, మలచినది. ముద్రణ ద్వారా ఇట్టి గింజను చేసినవారు ఇటలీ శాస్త్రజ్ఞులు. పెలార్గోనియం జాతి గింజను చూచి, పాలికాప్రోలాక్టోన్ అను ప్లాస్టిక్కు ముద్రించి, దానిపై తేమను పీల్చు సన్నని నారలు పరచి, దానిని 2023లోనే ప్రకటించిరి. గాలిలోని తేమ హెచ్చుతగ్గులకే అది చుట్టుకొని విప్పుకొనును. ఆ ప్లాస్టిక్కును నేలలోని సూక్ష్మజీవులు నెమ్మదిగా తినివేయును.

దున్నిన చేనులో వీటితో పని లేదని నా అభిప్రాయము. అచ్చట గొర్రు సాళ్ళుగా, ఒకే లోతున, తక్కువ ఖర్చుతో విత్తును. గుట్టవాలులు, ఊరుమ్మడి బంజరులు, కూలీలు ఎక్కలేని చోట్లు వీటికి తగినవి. ఎవరైనను ఇట్టి సరుకును గ్రామమునకు తెచ్చినచో గ్రామాధికారులు మూడు సంగతులు అడుగవలెను. గట్టిపడిన ఎర్రనేలలో దిగునా, లేక మెత్తని మట్టిలో మాత్రమేనా? ఒకే వానకు దిగునా, తడి ఆరుదల ఎన్ని మార్లు కావలెను? తోక ఎన్ని నెలలకు కుళ్ళును? బదులు నోటితో చెప్పిన చాలదు. గుట్టపై పది గజముల చదరము గుర్తించి, సగము మేర వీటిని, సగము మేర మామూలు విత్తనమును లెక్కపెట్టి చల్లించి, రెండు మంచి వానల తరువాత మొలకలను ఇరువైపుల లెక్కింపవలెను.