గురుకులం గడప

వరంగల్

చిరంజీవి బిడ్డకు,

నర్సంపేట దిక్కు తండా బడిల నాలుగో తరగతి నీకిచ్చిన్రని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఐదో తరగతి గురుకులం సీటుకు పిల్లలు పోయేది నీ చేతుల మీదికెల్లే. అందుకే ఈ ఉత్తరం.

మీ పక్క లక్నేపల్లిల పుట్టిన పీవీ నరసింహారావు, 1971ల సర్వేల్‌ల గురుకులానికి పునాది వేసిండు. పల్లె పిల్లలకు తిండి, వసతి, చదువు సర్కారే చూస్కోవాలన్నది ఆలోచన. ఇయ్యాళ ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ గురుకులాలన్నిటికి ఒకటే పరీక్ష, దరఖాస్తుకు 100 రూపాయలు. చూడనీకి తలుపు బార్లా తెరిచే ఉంటది.

గడప దగ్గరే కాయిదాలు అడ్డం పడ్తయి. కులం, ఆదాయం, ఆధార్, ఫొటో. ఊరోళ్లకు ఏడాది ఆదాయం లక్షన్నర, పట్నపోళ్లకు రెండు లక్షలు దాటొద్దు. ఆ సర్టిఫికెట్‌కు మీసేవకు ఒకపూట, తహసీల్ ఆఫీసుకు ఒకపూట తిరిగితే కూలి పోయినట్టే. దరఖాస్తుల దినాలల్లనే పత్తి ఏరుడు, మిరప తెంపుడు. నా దగ్గర ఒక పిల్లకు ఆధార్ల ఇంటిపేరు ఒక తీరు, బడి రిజిస్టర్ల ఇంకో తీరు. దిద్దించుకొని వచ్చేసరికి గడువు దాటింది. లెక్కలల్ల ఆ పిల్లే ఫస్టు. వయసు రుజువు కాయిదం లేదని గూడ పిల్లను బడిల చేర్చుకోకుండ ఉండొద్దని విద్యా హక్కు చట్టం 14వ సెక్షన్ చెప్తది. ఆన్‌లైన్ ఫారానికి ఆ సెక్షన్ తెల్వది.

నా తప్పు గూడ చెప్పాలె. హెడ్మాస్టరుగ ఉన్నన్ని దినాలు, సీటు కొడ్తరనుకున్న పిల్లలతోనే ఫారాలు నింపించిన. మిగిలినోళ్ల ఇండ్లల్ల గురుకులం ముచ్చటే తీయలే. వాళ్లు పరీక్షల ఫెయిల్ కాలే బిడ్డా, నేనే పరీక్ష దాకా పోనియ్యలే. కోచింగుకు పైసలున్నోళ్లకు టౌన్ల ఎవరో ఒకరు చెప్తరు. తండావోళ్లకు నువ్వు తప్ప ఎవరు చెప్తరు?

దసరా సెలవులు అయిపోంగనే రిజిస్టర్, ఆధార్ పక్కపక్కన పెట్టుకొని ఒక్కొక్క పేరు సరిచూడు. తల్లిదండ్రులందరిని ఒక్కనాడే ఆటోల మీసేవకు తీస్కపో. పొద్దుగూకినంకనే ఇండ్లకు పో, పగలు ఎవరుండరు. వంద రూపాయలు లేవంటే నువ్వే కట్టు. కూడికలు రాని పిలగానితో గూడ ఫారం నింపించు. సీటు ఎవరికో పరీక్ష తేలుస్తది, నువ్వు ముందే తేల్చకు.

ఇట్లు,
మీ పెదనాయిన